శోధన రాకముందే సిద్ధపడటం ఎలా?

శోధన (పాపం వైపు లాగే ప్రేరేపణ) గురించి మనం వినే సలహాలన్నీ దాదాపుగా అది వచ్చాక ఏం చేయాలో చెబుతాయి. ప్రార్థన చేయండి, వాక్యం ఎత్తి చెప్పండి, అక్కడి నుంచి పారిపోండి అంటారు. అన్నీ నిజమే. కానీ అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. కోరిక నెత్తికెక్కిన నిమిషంలో మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు, ప్రార్థించాలన్న మనసు అసలే ఉండదు.

రెండో సమూయేలు 11వ అధ్యాయం తీసి, ఇశ్రాయేలు రాజు దావీదు పాపంలో పడిన తీరును నెమ్మదిగా చదవండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో ఆయన యెరూషలేములోనే ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరిగాడు. స్నానం చేస్తున్న స్త్రీ కంటబడింది. ఆమె ఎవరో కనుక్కోవడానికి మనిషిని పంపాడు. తన సైన్యంలోని ఊరియా భార్య అని జవాబు వచ్చింది. తప్పించుకునే దారి ఆ జవాబులోనే ఉంది. అయినా దావీదు ఆగలేదు, ఆమెను పిలిపించాడు. ఇందులో వెనక్కి తిరగడానికి ఎన్ని చోట్లున్నాయో చూడండి. సైన్యంతో వెళ్లి ఉంటే అసలు సమస్యే లేదు. మిద్దె దిగి లోపలికి వెళ్లిపోవడం కొంచెం కష్టం. మనిషిని పంపాక మరీ కష్టం. చివరికి ఊరియా ప్రాణం తీస్తే తప్ప కప్పిపుచ్చలేనంత దూరం వెళ్లిపోయాడు.

అందుకే ఇక్కడ చెప్పే పనులలో సగానికి పైగా శోధన లేని వేళ, మనసు నిలకడగా ఉన్నప్పుడు చేయవలసినవి.

ముందు ఒక అపోహను వదిలించుకోండి

శోధన కలగడం పాపం కాదు. యేసు ప్రభువు కూడా శోధించబడ్డాడు; సమస్త విషయాలలోనూ మనలాగే శోధించబడినా పాపం లేనివాడుగా ఉన్నాడని హెబ్రీ పత్రిక 4:15 చెబుతోంది. పిలవకుండా వచ్చిన ఒక తలంపును చూసి బెదిరిపోయి, తాము అప్పటికే పడిపోయామనుకునే విశ్వాసులు చాలామంది ఉన్నారు. ఈ భయం మంచిదిలా కనిపిస్తుంది గానీ, దీనిలో పెద్ద ఉచ్చు ఉంది. ‘ఎలాగూ మనసులో పాపం చేసేశాను, ఇక ఆగి ఏం లాభం’ అనే మాట దాని వెనకే వస్తుంది. తలంపు రావడానికీ, దాన్ని కూర్చోబెట్టి మర్యాదలు చేయడానికీ చాలా తేడా ఉంది. మీ లెక్క ఆ రెండోదానితోనే మొదలవుతుంది.

అలాగని నేరాన్ని దేవుని మీదికి నెట్టడానికి వీల్లేదు. యాకోబు ఈ విషయంలో మొహమాటం లేకుండా రాశాడు: దేవుడు ఎవరినీ కీడుకు శోధించడు, ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడి మరులు కొల్పబడతాడు (యాకోబు 1:13-15). సాతాను లేడని కాదు. వాడు పట్టుకుని లాగే కొస మన లోపలే ఉంది.

మీ శోధనను కాగితం మీద పెట్టండి

‘ప్రభువా, నన్ను శోధన నుంచి కాపాడు’ అని ఏళ్ల తరబడి ప్రార్థించే వాళ్లను, మీ శోధన ఏమిటి, అది ఎప్పుడు వస్తుంది అని అడిగితే తడుముకుంటారు. శత్రువు ఏ దారిన వస్తున్నాడో తెలియకుండా కాపలా కాయడం కుదరదు. రెండు మూడు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో రాసి చూడండి. పాపాన్ని వర్ణించనక్కర్లేదు, అది మళ్లీ దాన్నే నెమరు వేయడం అవుతుంది. దానికి ముందు ఏం జరిగిందో రాయండి: ఏ రోజు, ఏ వేళ, ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, నిద్ర సరిపోయిందా, ఆకలిగా ఉన్నారా, ఎవరి మీదైనా కోపం ఉందా.

ఉదాహరణకు ఒకాయన రాసుకున్నది ఇలా ఉందనుకోండి: ‘శుక్రవారం. మీటింగులో పై అధికారి అందరి ముందూ చులకనగా మాట్లాడాడు. ఇంట్లో చెప్పలేదు. భోజనం చేశానో లేదో అన్నట్టు చేశాను. అందరూ పడుకున్నాక ఫోను తీశాను.’ మరో వారం: ‘మంగళవారం. తమ్ముడితో డబ్బు గురించి మాటామాటా పెరిగింది. రాత్రి మళ్లీ ఫోను.’ ఇన్నాళ్లూ తన సమస్య కామం అనుకుంటున్న ఆ మనిషికి, ప్రతిసారీ దాని ముందు ఒక అవమానం ఉందని ఈ రెండు ముక్కలతోనే తెలిసిపోతుంది. అవమానం కలిగిన రోజున అది లోపల కుళ్లకుండా భార్యతోనో స్నేహితుడితోనో చెప్పుకోవడం, ఆ తర్వాత దేవుని ముందు కుమ్మరించడం ఆయనకు మొదటి రక్షణ. రాత్రి పదకొండింటికి ఫోనుతో చేసే పోరాటం ఆ తర్వాతి సంగతి.

శరీరాన్ని చిన్నచూపు చూడకండి. నలభై దినాల ఉపవాసం తర్వాత, ఆకలిగొన్న వేళ చూసి మరీ శోధకుడు యేసు దగ్గరికి వచ్చాడు. మొదటి మాటే రొట్టె గురించి. ప్రవక్త ఏలీయా చావు కోరుకుంటూ బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఉపదేశం చేయలేదు. తట్టి లేపి, రొట్టె పెట్టి, నీళ్లిచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు (1 రాజులు 19). అలసిపోయిన రోజున మీ ఆత్మీయ బాధ్యత తొందరగా పడుకోవడమే కావచ్చు.

ఇంకొక మాట. శోధన అనగానే చాలామంది దృష్టి ఒకటి రెండు పాపాల మీదికే పోతుంది. వ్యభిచారం, తాగుడు గురించి వేదిక మీద గట్టిగానే మాట్లాడుకుంటాం. దురాశ విషయానికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. కొన్నిసార్లు దాని పేరు మార్చి ఆశీర్వాదం అని కూడా పిలుస్తాం. ఇతరుల గుట్టును ‘ప్రార్థన అంశం’గా పంచిపెట్టడం, క్షమించనని మనసులో గిరి గీసుకుని కూర్చోవడం, తోటి సేవకుడికి పేరొస్తే కడుపు మండటం ఇవన్నీ కూడా మీ పుస్తకంలో చోటు చేసుకోవాలి. యెరికో కొల్లలో ముట్టకూడదన్నవి దొంగిలించిన ఆకాను ఏం చేశాడో తన నోటితోనే చెప్పాడు: చూశాను, ఆశించాను, తీసుకున్నాను, దాచాను (యెహోషువ 7:21). అతను ఆశించింది ఒక పై వస్త్రం, రెండు వందల తులాల వెండి, యాభై తులాల బంగారు కమ్మీ. ఏ పాపమైనా దాదాపుగా ఈ నాలుగు మెట్లే ఎక్కుతుంది.

ఆ పుస్తకం ఎవరికీ చూపించనక్కర్లేదు. పని అయ్యాక చింపేయండి.

నిర్ణయాన్ని ముందుకు జరపండి

బబులోనులో బందీగా ఉన్న దానియేలు ముందు రాజు భోజనం పెట్టినప్పుడు, ‘తినాలా, వద్దా’ అని అతను పళ్లెం ముందు కూర్చుని ఆలోచించలేదు. తనను అపవిత్రపరచుకోకూడదని అప్పటికే హృదయంలో ఉద్దేశించుకున్నాడు (దానియేలు 1:8). ఆ తర్వాత చేసిన పని ఇంకా బాగుంటుంది. కేకలు వేయలేదు, బల్ల తన్నలేదు. నపుంసకుల అధిపతిని మర్యాదగా అడిగాడు. ఆయన భయం చూసి, తమను చూసుకునే నియామకుడి దగ్గర పది రోజుల పరీక్ష ప్రతిపాదించాడు: శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడండి, ఆ తర్వాత మా ముఖాలు చూసి మీరే తేల్చండి అన్నాడు. నమ్మకంగా ఉండటానికి దురుసుతనం అక్కర్లేదని ఇక్కడ తెలుస్తుంది. నమ్మకత్వం పేరు చెప్పి నోరు పారేసుకునేవాళ్లు ఈ అధ్యాయం మరోసారి చదివితే మంచిది.

మీ నిర్ణయాలను కూడా ఇలాగే ముందే, స్పష్టంగా, పని రూపంలో పెట్టుకోండి. ‘నిజాయితీగా ఉంటాను’ అనేది కోరిక మాత్రమే. ‘నేను కళ్లతో చూడని సరుకుకు బిల్లు మీద సంతకం పెట్టను’ అనేది నిర్ణయం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ మాట నవ్వుతూ నలుగురికీ చెప్పేస్తే, తర్వాత మిమ్మల్ని అడిగేవాళ్లే తగ్గిపోతారు. మూడేళ్లు సంతకాలు పెట్టి, నాలుగో ఏట మానేస్తానంటే ఎంత గొడవో మీకే తెలుసు. అలాగే: ‘ఎవరి గురించైనా మాట మొదలైతే, అతను ఇక్కడ ఉంటే ఇదే అంటామా అని అడుగుతాను.’ ‘పెళ్లయిన నేను, మరొకరితో నా సంసారంలోని కష్టాలు చెప్పుకోను.’ ‘కోపంలో రాసిన సందేశాన్ని తెల్లారేదాకా పంపను.’ యోబు తన కన్నులతో నిబంధన చేసుకున్నానని చెప్పిన మాట (యోబు 31:1) ఈ కోవలోదే.

ఇలాంటివి మూడు నాలుగు చాలు. ముప్పై పెట్టుకుంటే ఒక్కటీ మిగలదు.

దారి మూసేయండి

కన్ను అభ్యంతరపరిస్తే పీకి పారవేయమని, చెయ్యి అభ్యంతరపరిస్తే నరికి పారవేయమని ప్రభువు అన్నాడు (మత్తయి 5:29-30). శరీర అవయవాలు కోసుకోమని దీని అర్థం కాదు. పాపానికి చేర్చేది ఎంత ప్రియమైనదైనా, ఎంత అవసరమనిపించినా దాన్ని వదులుకోవడానికి వెనకాడవద్దని అర్థం. పౌలు ఇంకా వివరంగా, శరీర కోరికలు తీర్చుకోవడానికి ముందస్తు ఏర్పాట్లు చేసుకోవద్దన్నాడు (రోమా 13:14). మనలో చాలామంది పాపాన్ని వద్దంటూనే దానికి ఏర్పాట్లు మాత్రం అలాగే ఉంచుతాం.

రాత్రి ఫోనులో పడిపోతున్నారా? చార్జరును పడక గది నుంచి తీసి హాలులో పెట్టండి. నిద్ర లేపడానికి గడియారం కొనుక్కోండి. అసభ్య చిత్రాలను అడ్డుకునే యాప్ వేసి, దాని పాస్‌వర్డు మీకు తెలియకుండా జీవిత భాగస్వామి చేతనో స్నేహితుడి చేతనో పెట్టించండి. ఆన్‌లైన్ జూదం పట్టుకుందా? యాప్ తీసేయడం ఒక్కటే చాలదు, మళ్లీ వేసుకోవడానికి నిమిషం పట్టదు. జీతం వచ్చే ఖాతాను ఇంట్లో మరొకరి కనుచూపులోకి తీసుకురండి. అప్పులుంటే మొత్తం ఎంతో ఒక్కసారిగా చెప్పేయండి. సగం చెప్పి సగం దాస్తే ఆ దాచిన సగాన్ని గెలుచుకోవాలనే మళ్లీ ఆడతారు. తాగుడైతే ఆ స్నేహితులను కలిసే వేళకు వేరే చోట, వేరే మనుషుల మధ్య ఉండేలా ముందే కుదుర్చుకోండి. చాలాకాలంగా రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదం, మూర్ఛలు కూడా రావచ్చు. కాబట్టి ముందు వైద్యుణ్ని కలవండి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. పౌలు ప్రియ సహచరులలో ఒకడైన లూకా వైద్యుడే.

పని చోట ఒకరి వైపు మనసు లాగుతున్నట్టు అనిపిస్తే, పాపమేదీ జరగకముందే రాత్రిపూట సందేశాలు ఆపేయండి. పని మాటలు పని వేళలోనే, వీలైతే మూడో మనిషి ఉన్నప్పుడే మాట్లాడండి. జారస్త్రీ ఇంటి వాకిలి దగ్గరికే వెళ్లవద్దని సామెతల గ్రంథం చెప్పింది (5:8). వాకిలి దాకా వెళ్లి లోపలికి వెళ్లకుండా తిరిగి రాగలనని నిరూపించుకోమని ఎక్కడా చెప్పలేదు.

ఇదంతా చదివి, ‘నాలో పరిశుద్ధాత్మ ఉన్నాడు, ఈ కంచెలు బలహీనులకు’ అనేవాళ్లుంటారు. దెలీలా ఒడిలో నిద్ర లేచిన సమ్సోను కూడా, ఎప్పటిలాగే విడిపించుకుంటానులే అనుకున్నాడు. యెహోవా తనను విడిచిపెట్టిన సంగతి అతనికి తెలియదని ఆ వెంటనే రాసి ఉంది (న్యాయాధిపతులు 16:20). అప్పటికి మూడుసార్లు ఆమె తనను పట్టించబోయిందని అతనికి తెలుసు. అయినా అక్కడే ఉన్నాడు.

ఆ నిమిషంలో ఏం చేయాలి

ఇంత చేసినా శోధన వస్తుంది. ఆ వేళ చేయవలసినవి కొన్నే.

మొదట, దానికి పేరు పెట్టి దేవునితో పైకి చెప్పండి. ‘ప్రభువా, ఈ డబ్బు తీసుకోవాలని ఉంది’, ‘ఈ మనిషిని దెబ్బకొట్టే మాట అనాలని ఉంది’ అని ఒక్క వాక్యం. ఇది అందమైన ప్రార్థన కాదు, కానీ నిజమైన ప్రార్థన. చీకటిలో ఉన్నంతసేపే కోరికకు బలం. దేవుని ముందు దానికి పేరు పెట్టగానే సగం మత్తు దిగిపోతుంది.

రెండోది, లేచి నిలబడండి. ఆ గదిలోనుంచి బయటికి రండి. యోసేపు తన యజమాని పోతీఫరు భార్యతో రోజూ మాటలతోనే పోరాడాడు. ‘నేను ఎట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును’ అన్నాడు. ఆమె వస్త్రం పట్టుకున్న రోజున మాత్రం మాటలు లేవు, వస్త్రాన్ని ఆమె చేతిలోనే వదిలి పరుగెత్తాడు (ఆదికాండము 39). ఆ పరుగు వల్ల అతనికి దక్కింది చెరసాల. విధేయతకు వెంటనే బహుమానం వస్తుందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, ఈ అధ్యాయం వాళ్లకు చూపించండి. ఆ చెరసాలలో యెహోవా యోసేపుకు తోడై ఉన్నాడని అదే అధ్యాయం చెబుతోంది.

పారిపోవడమా, ఎదిరించి నిలబడటమా అని కొందరికి సందేహం వస్తుంది, ఎందుకంటే బైబిలులో రెండూ ఉన్నాయి. జారత్వం నుంచి, యౌవనేచ్ఛల నుంచి పారిపొమ్మన్నాడు పౌలు (1 కొరింథీ 6:18, 2 తిమోతి 2:22). అపవాదిని ఎదిరించండి, వాడు మీ దగ్గర నుంచి పారిపోతాడన్నాడు యాకోబు (4:7). నాకు అర్థమైనంతలో, శరీరాన్ని లాగే కోరిక దగ్గర వీరత్వం చూపకుండా పారిపోవాలి. భయపెట్టి, సందేహపెట్టి, విశ్వాసాన్ని వదిలేయమనే ఒత్తిడి దగ్గర మాత్రం కదలకుండా నిలబడాలి. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు రాజు మొక్కమన్న విగ్రహం ముందు పారిపోలేదు, నిలబడ్డారు.

మూడోది, వాదనకు దిగవద్దు. ఏదెనులో సర్పం మొదట అడిగింది ఒక ప్రశ్న, అదీ వంకర ప్రశ్న: ఏ చెట్టు ఫలాలూ తినకూడదని దేవుడు చెప్పాడా అని. హవ్వ జవాబివ్వబోయి, ముట్టకూడదని కూడా చెప్పాడంటూ దేవుడు అనని మాట ఒకటి కలిపింది. సంభాషణ సాగిన కొద్దీ చెట్టు అందంగా కనిపించసాగింది. ‘ఈ ఒక్కసారికే’, ‘ఎవరికీ నష్టం లేదుగా’, ‘నేను ఎంత కష్టపడ్డానో దేవునికి తెలుసు’ అనేవి మీ దగ్గరికి కూడా వస్తాయి. వాటిని తర్కంతో ఓడించనక్కర్లేదు. జవాబు చెప్పకుండా వదిలేయవచ్చు.

యేసు అరణ్యంలో మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు, 6, 8 అధ్యాయాల నుంచి. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు అరణ్యంలో ఆకలితో, దాహంతో పరీక్షించబడిన సంగతి మోషే గుర్తుచేసే భాగమది. అంటే ప్రభువు తన పరిస్థితికి తగిన లేఖన భాగంలో ముందు నుంచీ నివసిస్తున్నాడు. సాతాను కూడా 91వ కీర్తన ఎత్తి చెప్పాడని మరచిపోవద్దు. వచనం తాయెత్తు కాదు. మీ పుస్తకంలో బయటపడిన శోధనకు సంబంధించిన రెండు మూడు భాగాలు ఎంచుకుని, సందర్భంతో సహా చదివి, కంఠస్థం చేయండి. కోపానికి యాకోబు 1:19-20, డబ్బు ఆశకు 1 తిమోతి 6:6-10, ఒంటరితనంలో పుట్టే కోరికలకు 73వ కీర్తన చివరి భాగం మంచి ఆరంభం. అందరికీ మాత్రం 1 కొరింథీ 10:13 ఉండాలి: దేవుడు నమ్మదగినవాడు, శోధనతో పాటు తప్పించుకునే మార్గం కూడా కలుగజేస్తాడు. ఆ మార్గం చాలాసార్లు చూడటానికి మామూలుగా ఉంటుంది. ఒక తలుపు, ఒక ఫోన్ కాల్, అనుకోకుండా పిలిచిన పిల్లవాడి గొంతు.

చివరగా, కాసేపు ఓర్చుకోండి. కోరిక పెరుగుతూనే పోతుందని, తీర్చకపోతే ఊపిరాడదని మనసు నమ్మిస్తుంది. అది అబద్ధం. కోరిక ఒక స్థాయికి వచ్చి తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు చేతికి ఏదైనా పని ఇవ్వండి.

ఒంటరిగా ఉండిపోకండి

నమ్మకమైన ఒక్క మనిషిని వెతుక్కోండి. స్త్రీలకు స్త్రీ, పురుషులకు పురుషుడు. విశ్వాసంలో మీకన్నా కొంత ముందున్నవారు, విన్నది కడుపులో దాచుకోగలవారు అయి ఉండాలి. మీ కథను వచ్చే ఆదివారం పేరు చెప్పకుండా ప్రసంగంలో వాడేసే రకం అయితే ఎంత పెద్ద సేవకుడైనా వద్దు.

ఈ మాటలు గుండ్రంగా ఉండకూడదు. ‘ఎలా ఉన్నావు తమ్ముడూ?’ ‘దేవుని కృప అన్నా, బాగున్నాను’ అనుకుంటే ఇద్దరూ మర్యాదగా అబద్ధమాడినట్టే. ఇలా ఉంటే పని జరుగుతుంది:

‘ఈ వారం ఫోను హాలులోనే పెట్టావా?’

‘నాలుగు రోజులు పెట్టాను అన్నా. బుధవారం పెట్టలేదు.’

‘బుధవారం ఏమైంది?’

‘నాన్నగారితో గొడవ.’

‘సరే, ముందు ఆ గొడవ గురించి చెప్పు.’

ఇందులో ఉపదేశం లేదు, ఆశ్చర్యపోవడం లేదు. మీ పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయమని యాకోబు 5:16 చెప్పింది దాదాపుగా ఇదే.

ఒక హద్దు మాత్రం చెప్పాలి. ఇతరులకు హాని జరిగే చోట, ఇంట్లో కొట్టడం, పిల్లల మీద లైంగిక అఘాయిత్యం, మోసంతో డబ్బు కాజేయడం వంటివి ఉన్నచోట, ఇద్దరు కూర్చుని ప్రార్థించుకుని ముగించే పని కాదు. బాధితులను ముందు కాపాడాలి, చట్టానికి చెప్పాలి. క్షమాపణ పేరుతో నేరాన్ని కప్పెట్టడం దేవుని మందిరానికి తగదు. అలాంటి హాని మీకే జరుగుతుంటే అది మీ శోధన కాదు, మీ పాపం అంతకన్నా కాదు, సాయం అడగండి.

ఖాళీని నింపండి

అపవిత్రాత్మ వదిలి వెళ్లిన ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉండటం చూసి అది మరో ఏడు ఆత్మలను వెంటబెట్టుకుని తిరిగొచ్చిందని ప్రభువు చెప్పాడు (మత్తయి 12:43-45). మానేయడంతో పని సగమే అయినట్టు. ఎఫెసీ 4:28లో పౌలు దొంగకు చెప్పింది చూడండి: ఇక దొంగతనం చేయవద్దన్నాడు, అక్కడ ఆగలేదు. తన చేతులతో కష్టపడి పనిచేయాలన్నాడు, అవసరంలో ఉన్నవారికి ఇవ్వడానికి సంపాదించాలన్నాడు. తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయ్యేవరకూ దొంగ పూర్తిగా మారినట్టు కాదు. నోటితో గాయపరిచే అలవాటున్నవారు వారానికి ఒకరినైనా వెతికి మెచ్చుకోవడం, అసూయ పడే మనిషి కోసం పేరు పెట్టి ప్రార్థించడం అదే వరసలోవి. మొదట్లో మనస్ఫూర్తిగా రాదు. అయినా చేయండి.

ప్రార్థన విషయంలో కూడా ఆవేశం కన్నా క్రమం ముఖ్యం. రాజుకు తప్ప మరెవరికీ ప్రార్థించినా సింహాల గుహలో వేస్తారన్న శాసనం మీద సంతకమైందని తెలిసినా దానియేలు ఇంటికి వెళ్లి, అంతకుముందు చేసినట్టే రోజుకు మూడుసార్లు మోకరించాడు. కొత్తగా మొదలుపెట్టినది అయితే ఆ రోజు నిలిచేది కాదేమో. ఉదయం పది నిమిషాలైనా సరే, ఒకే వేళకు, ఒకే చోట కూర్చోండి. పరలోక ప్రార్థనలో ‘మమ్మును శోధనలోకి తేక’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ రోజు మీకు ఎదురుకాబోయే చోట్లను తలచుకోండి. ఆదివారం ఆరాధననూ ప్రభురాత్రి భోజనాన్నీ మనసు బాగాలేదని మానుకోకండి.

పడిపోతే

పడిన తర్వాతి మొదటి గంట అన్నిటికన్నా ప్రమాదకరం. ‘ఎలాగూ పడ్డాను’ అనే మాట అప్పుడే వస్తుంది, దాని మాట వింటే ఒక్క రాత్రి తప్పు ఒక నెల తప్పు అవుతుంది. అక్కడే ఆపండి. పాపాన్ని దాని అసలు పేరుతో పిలిచి దేవుని ముందు ఒప్పుకోండి; ‘బలహీనత’, ‘పొరపాటు’ అని మెత్తబరచకండి. మన పాపాలను ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు గనుక క్షమిస్తాడని 1 యోహాను 1:9 చెబుతోంది. ఆ క్షమాపణ మీరు ఎన్ని కన్నీళ్లు కార్చారన్న దాని మీద ఆధారపడి లేదు. కొందరు తమకు తామే శిక్ష వేసుకుని, రెండు మూడు వారాలు బైబిలు ముట్టరు, మందిరానికి రారు. అది వినయంలా కనిపిస్తుంది గానీ, సిలువ చాలలేదని చెప్పడమే అవుతుంది.

ఒప్పుకున్నాక దిద్దుకోవలసినవి ఉంటాయి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. డబ్బు తీసుకుని ఉంటే తిరిగివ్వండి, అబద్ధం చెప్పి ఉంటే ఎవరికి చెప్పారో వారికే నిజం చెప్పండి. జీవిత భాగస్వామికి ద్రోహం జరిగి ఉంటే దాన్ని ఎలా చెప్పాలో పరిణతి గల ఒక పెద్ద సాయంతో ఆలోచించుకోండి, కానీ సమాధి చేయకండి. క్షమించబడినా ఫలితాలు కొన్ని మిగులుతాయి. దావీదుకు మిగిలాయి.

లోపల వినిపించే గొంతుల తేడా తెలుసుకోండి. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా పని తప్పు, ఫలానా వారి దగ్గరికి వెళ్లు అని సూటిగా ఉంటుంది. దావీదు పాపాన్ని ఎత్తిచూపిన ప్రవక్త నాతాను ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు, ఆ వెంటనే దావీదుకు తిరిగి వచ్చే దారి కూడా తెరుచుకుంది. నేరం మోపే సాతాను గొంతు మాత్రం ‘నువ్వు ఎప్పటికీ ఇంతే’ అంటుంది. అది ఏం చేయాలో చెప్పదు, దారి చూపదు.

పేతురు పడకముందే ప్రభువు అతని కోసం ప్రార్థించాడు: నీ నమ్మిక తప్పిపోకుండా నిన్ను గురించి వేడుకున్నాను, నీ మనసు తిరిగిన తర్వాత నీ సహోదరులను స్థిరపరచు (లూకా 22:32). ప్రధాన యాజకుని ముంగిట నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ పేతురు ఆయనను ఎరుగనన్నాడు. యోహాను 21లో పునరుత్థానుడైన యేసు గలిలయ ఒడ్డున మళ్లీ నిప్పులు వేసి, చేపలు కాల్చి, ముందు భోజనానికి పిలిచాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగింది భోజనం అయ్యాకే.

గెలిచిన రోజు

ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. అరణ్యంలో ఓడిన అపవాది యేసును కొంతకాలమే విడిచి వెళ్లాడని లూకా 4:13 చెబుతోంది. గెలిచిన వారంలో కంచెలు తీసేయాలనిపిస్తుంది. చార్జరు మళ్లీ పడక గదిలోకి వస్తుంది. తీయకండి. నిలుచున్నానని అనుకునేవాడు పడిపోకుండా చూసుకోవాలన్న మాట (1 కొరింథీ 10:12) గెలిచినవారికే.

అలాగే మీరు పడని పాపంలో పడినవాళ్ల పట్ల మీ నాలుక మీద కన్నేసి ఉంచండి. ఎవరైనా తప్పులో చిక్కుకుంటే సాత్వికమైన మనసుతో మంచి దారికి తీసుకురమ్మని గలతీ 6:1 చెబుతూ, నువ్వూ శోధించబడతావేమో చూసుకో అని వెంటనే అంటుంది. రేపో మాపో ఒకరు మీ దగ్గరికి వచ్చి, తల దించుకుని తన సంగతి చెబుతారు. ముఖంలో ఆశ్చర్యం కనబడనివ్వకండి. మధ్యలో వచనం అందుకోకండి, పూర్తిగా విననివ్వండి మీ చెవులను. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది అని అడగండి. కలిసి ప్రార్థించండి. వచ్చే వారం ఏ రోజు, ఏ వేళకు ఫోను చేస్తారో అక్కడే చెప్పి, ఆ వేళకు మీరే ఫోను చేయండి.